విఫలమైన కమాండును మళ్ళీ నడపడం: ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎప్పటిదాకా

వెనకటి పాఠాల్లో మీరు ఇఫ్ షరతును, వైల్, ఫర్ లూప్‌లను చదివారు. వాటి సాయంతో ఇప్పుడు చేయబోయే పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక కమాండు విఫలమైతే, అది సఫలమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ నడపాలి, అంతే. రాయడానికి నాలుగు పంక్తులు చాలు. కానీ ఆలోచించకుండా రాసిన ఆ నాలుగు పంక్తులు, అసలు లూపే లేని స్క్రిప్టు కంటే ఎక్కువ నష్టం చేయగలవు. లూప్ లేని స్క్రిప్టు విఫలమైతే కనీసం ఆ సంగతి మీకు తెలుస్తుంది. ఆగని లూప్ ఉన్న స్క్రిప్టు మాత్రం ఎప్పటికీ విఫలం కాదు, ఎప్పటికీ పూర్తీ కాదు. దాని మౌనాన్ని చూసి అంతా సవ్యంగానే ఉందని మీరు అనుకుంటారు.

ముద్రణ గురించి ఒక మాట. ఈ పాఠంలో కమాండులను వాటి ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాం. టెర్మినల్ ముందు కూర్చున్నప్పుడు వాటిని ఆంగ్ల చిన్న అక్షరాల్లో టైపు చేయాలి (రాండమ్ ఒక్కటే పెద్ద అక్షరాల్లో). చలరాశులకు ఇక్కడ తెలుగు పేర్లు పెట్టాం. మీరు ఆంగ్ల అక్షరాలతో మీకు నచ్చిన పేర్లు పెట్టుకోండి.

ఉదాహరణకు తీసుకునే పని

మీరు నరసాపురంలో ఉన్నారనుకుందాం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ మీ ఊరి పక్కనుంచే సముద్రానికి వెళుతుంది. వర్షాకాలంలో డెల్టాలో అందరి చెవులూ ధవళేశ్వరం అంకె మీదే ఉంటాయి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 2022 జూలైలో మూడో హెచ్చరికను కూడా దాటి నీరు వచ్చింది.

ఈ మట్టాన్ని గంటకోసారి చిన్న ఫైలుగా అందించే సర్వరు ఒకటి ఉందని, దాని నుంచి ఫైలు తెచ్చుకునే స్క్రిప్టును మీరు రాస్తున్నారని ఊహించుకోండి. సర్వరు ఊహించుకున్నదే గాని, దానితో వచ్చే చిక్కు మాత్రం నిజమైనదే. ఏ రోజున ఆ అంకె అన్నిటికంటే అవసరమో, సరిగ్గా ఆ రోజునే గాలివానకు కరెంటు పోతుంది, నెట్టు పోతుంది, ఉన్న కాస్త నెట్టు మీద అందరూ ఒకేసారి పడతారు. మళ్ళీ ప్రయత్నించే లూప్‌ను ఎండాకాలంలో రాసినా, దాన్ని పరీక్షించేది ఆ రాత్రే.

సఫలమైందని షెల్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రతి కమాండూ ముగిసేటప్పుడు షెల్‌కు 0 నుంచి 255 లోపు ఒక అంకెను అప్పగించి వెళుతుంది. దీన్నే ఎగ్జిట్ స్టేటస్ (నిష్క్రమణ స్థితి) అంటాం. 0 అంటే సఫలం, మిగిలినవన్నీ ఏదో ఒక రకం వైఫల్యం. చివరగా నడిచిన కమాండు స్థితిని $? అనే గుర్తుతో చూడవచ్చు. సి భాషలో 0 అంటే అసత్యం కదా, ఇక్కడ తలకిందులైందేమిటని ప్రతి ఏటా విద్యార్థులు అడుగుతుంటారు. సఫలం కావడం ఒకే తీరు, విఫలం కావడానికి దారులు అనేకం. అందుకే సాఫల్యానికి ఒక్క అంకె కేటాయించి, మిగిలినవన్నీ వైఫల్యాలకు వదిలారు.

అంటిల్ లూప్ ఈ అంకెను చూసే నడుస్తుంది. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన బోర్న్ షెల్ నుంచీ ఇది ఉంది. వైల్‌కు ఇది సరిగ్గా తిరగబడిన రూపం: కమాండు విఫలమవుతున్నంతసేపూ లూప్ తిరుగుతుంది, సఫలం కాగానే బయటికి వస్తుంది.

అంటిల్ కర్ల్ --ఫెయిల్ --అవుట్‌పుట్ మట్టం "$చిరునామా"
డూ
    స్లీప్ 5
డన్

ఇదే పనిని వైల్ పక్కన ఆశ్చర్యార్థకం (!) పెట్టి కూడా రాయవచ్చు, చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది. నేను అంటిల్‌నే వాడమంటాను, అందుకు కారణం ఉంది. అంటిల్ లూప్ లోపల మొదటి పంక్తిలో $? చూస్తే, విఫలమైన కమాండు ఇచ్చిన అసలు అంకె దొరుకుతుంది. ఆశ్చర్యార్థకం ఆ అంకెను తిరగేస్తుంది కాబట్టి అక్కడ మీకు కనిపించేది ఎప్పుడూ 0 మాత్రమే. ఎందుకు విఫలమైందో చెప్పే ఒక్క ఆధారమూ అలా పోతుంది.

ఇక --ఫెయిల్ అనే ఐచ్ఛికాన్ని గమనించండి. అది లేకపోతే, సర్వరు "మీరడిగిన పేజీ లేదు" అని 404 పంపినా కర్ల్ 0తోనే ముగుస్తుంది. సర్వరు నుంచి జవాబైతే వచ్చింది కదా, తన పని అయిపోయిందని కర్ల్ లెక్క. ఆ క్షమాపణ పేజీ మీ మట్టం ఫైలులో చేరుతుంది, లూప్ విజయవంతంగా ముగుస్తుంది. పైపుతోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. కర్ల్ నుంచి వచ్చినదాన్ని పైపు ద్వారా టీ కమాండుకు పంపితే, షెల్ చూసేది చివర ఉన్న టీ స్థితినే గాని కర్ల్ స్థితిని కాదు. బ్యాష్‌లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ అని ముందుగా చెప్పుకుంటే ఈ బాధ తప్పుతుంది. లూప్ రాయబోయే ముందు, విఫలమైనప్పుడు మీ కమాండు నిజంగా సున్నా కాని అంకె ఇస్తున్నదో లేదో చేత్తో ఒకసారి నడిపి చూడండి.

ఏ వైఫల్యానికి ఎదురుచూడాలి?

నరసాపురం రేవు నుంచి అవతలి సఖినేటిపల్లికి పంటు మీద దాటుతారు. మీరు వచ్చేసరికి పంటు నిండి వెళ్ళిపోతే, రేవులోనే నిలబడితే చాలు, తిరుగు పంటు వస్తుంది. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు మాత్రం పంటును ఆపేస్తారు. అప్పుడు రేవులో ఎన్ని గంటలు నిలబడినా ఒకటే, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాల్సిందే. రేవులో నిలబడ్డవాడికి రెండు సందర్భాల్లోనూ కనిపించేది ఒకటే: పంటు లేదు. ఏ కారణంగా లేదో కనుక్కున్నవాడే సరైన నిర్ణయం తీసుకోగలడు.

కమాండుల వైఫల్యాలూ ఇలా రెండు రకాలు: కాసేపటికి తొలగిపోయేవి, ఎంత కాచుకున్నా తొలగనివి. స్థితి అంకె చాలావరకు ఈ తేడాను పట్టిస్తుంది. 127 అంటే ఆ పేరుతో కమాండే దొరకలేదు. 126 అంటే దొరికింది గాని దాన్ని నడపడం కుదరలేదు, చాలాసార్లు అనుమతి లేకపోవడమే కారణం. ఈ రెండింటికీ వెయ్యిసార్లు ప్రయత్నించినా ఫలితం మారదు. కర్ల్ ఇచ్చే అంకెల్లో 7 అంటే సర్వరుతో కనెక్షన్ కుదరలేదు, 28 అంటే గడువు దాటింది, 56 అంటే సమాచారం అందుకుంటుండగా మధ్యలో తెగింది. వీటికి ఆగి ప్రయత్నించడం సబబే. 6 అంటే సర్వరు పేరుకు చిరునామా దొరకలేదు. ఇది రెండు వైపులా వాలుతుంది: నెట్టు పోయి ఉండవచ్చు, లేదా మీరు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి ఉండవచ్చు. కాబట్టి ప్రయత్నించాలి గాని హద్దు పెట్టుకోవాలి.

22 మరీ చిక్కు. --ఫెయిల్ పెట్టినప్పుడు సర్వరు చెప్పిన దోషాలన్నీ ఈ ఒక్క అంకెలోకే వస్తాయి. "అలాంటి ఫైలు లేదు" అనే 404, "ఇప్పుడు తీరిక లేదు, తర్వాత రండి" అనే 503 కూడా 22గానే కనిపిస్తాయి. మొదటిది తొలగనిది, రెండోది తొలగేది. ఈ తేడా ముఖ్యమైన చోట కర్ల్‌కే ఉన్న --రీట్రై ఐచ్ఛికాన్ని వాడుకోవడం మేలు. అది 408, 429, 500, 502, 503, 504 వంటి జవాబులకు మాత్రమే మళ్ళీ ప్రయత్నిస్తుంది, 404ను చూస్తే ఆగిపోతుంది. వీగెట్ కూడా ఇలాంటి వివేకంతోనే వస్తుంది: మామూలుగా 20 సార్లు ప్రయత్నిస్తుంది గాని, ఫైలు లేదని సర్వరు చెబితే మొదటిసారే విరమిస్తుంది. కమాండులోనే ఈ సౌకర్యం ఉన్నప్పుడు మీ సొంత లూప్ రాయకండి. అది లేని కమాండులకు, లేదా రెండు మూడు కమాండులను కలిపి ఒకే ప్రయత్నంగా నడపాల్సి వచ్చినప్పుడు లూప్ అవసరం.

విఫలం కాకుండా వేలాడే కమాండు

ఇది కొంచెం భిన్నమైన జబ్బు. లైను తెగలేదు, జవాబూ రాదు. కమాండు అలా కూర్చునే ఉంటుంది. విఫలమైతే గదా లూప్ మళ్ళీ నడపడానికి! కర్ల్‌కు --మ్యాక్స్-టైమ్ 30 అని చెబితే 30 సెకన్లకు తనే విరమించి 28 ఇస్తుంది. అలాంటి ఐచ్ఛికం లేని కమాండు ముందు టైమౌట్ 30 అని చేర్చండి. గడువు దాటితే టైమౌట్ ఆ కమాండును ఆపి 124 ఇస్తుంది. గడువు లేని కమాండు చుట్టూ లూప్ పెట్టడం వృథా.

ఎంతసేపు ఆగాలి?

పై నాలుగు పంక్తుల లూప్‌లో స్లీప్ తీసేస్తే ఏమవుతుంది? కనెక్షన్‌ను సర్వరు వెంటనే తిరస్కరిస్తుంటే, మీ స్క్రిప్టు సెకనుకు పదుల సార్లు తలుపు కొడుతుంది. అలాంటివాళ్ళు వందమంది ఉంటే, కోలుకుంటున్న సర్వరు మళ్ళీ పడిపోతుంది. సంక్రాంతికి ముందు తత్కాల్ టికెట్ కోసం ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకూ, 11 గంటలకు స్లీపరుకూ దేశమంతా ఒకే క్షణంలో బటన్ నొక్కడం మీకు అనుభవమే. పేజీ రాలేదని మళ్ళీ నొక్కే ప్రతి వేలూ ఆ రద్దీని ఇంకొంచెం పెంచుతుంది.

కంప్యూటర్ల ప్రపంచంలో ఈ సమస్యతో మొదట తలపడినవారు హవాయి దీవుల విశ్వవిద్యాలయం వారు. 1971లో పని మొదలుపెట్టిన వారి అలోహా నెట్‌వర్క్‌లో, వేర్వేరు దీవుల్లోని యంత్రాలు ఒకే రేడియో తరంగం మీద సమాచారం పంపేవి. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోయేవి. ఇద్దరూ సరిగ్గా రెండు సెకన్లు ఆగి మళ్ళీ పంపితే మళ్ళీ ఢీకొంటారు. అందుకే ప్రతి యంత్రమూ యాదృచ్ఛికంగా ఎంచుకున్న వ్యవధి ఆగి పంపాలని నియమం పెట్టారు. తర్వాత వచ్చిన ఈథర్నెట్ దీనికి ఇంకొకటి చేర్చింది: ఢీకొన్న ప్రతిసారీ ఆ వ్యవధి ఎంచుకునే పరిధిని రెట్టింపు చేయాలి. ఆ పరిధి పదోసారి తర్వాత పెరగదు, 16 ప్రయత్నాలు విఫలమైతే ఈథర్నెట్ ఇక విరమించి, పంపలేకపోయానని పైవారికి చెబుతుంది. తీగలో మైక్రోసెకన్ల లెక్కన జరిగే ఈ మూడు పనులే (రెట్టింపు, యాదృచ్ఛికత, హద్దు) మన స్క్రిప్టుకూ కావాలి.

#!/బిన్/బ్యాష్
ప్రయత్నం=1
ఆగాలి=2
అంటిల్ కర్ల్ --ఫెయిల్ --మ్యాక్స్-టైమ్ 30 --అవుట్‌పుట్ కొత్తది "$చిరునామా"
డూ
    స్థితి=$?
    కేస్ "$స్థితి" ఇన్
        6|7|28|56) ;;
        *) ఎకో "మళ్ళీ ప్రయత్నించి లాభం లేదు: $స్థితి" >&2
           ఎగ్జిట్ "$స్థితి" ;;
    ఈసాక్
    ఇఫ్ [ "$ప్రయత్నం" -జీఈ 6 ]
    దెన్
        ఎకో "6 సార్లూ విఫలం: $స్థితి" >&2
        ఎగ్జిట్ "$స్థితి"
    ఎఫ్ఐ
    స్లీప్ $((ఆగాలి + రాండమ్ % 5))
    ఆగాలి=$((ఆగాలి * 2))
    ప్రయత్నం=$((ప్రయత్నం + 1))
డన్
ఎమ్‌వీ కొత్తది మట్టం

లూప్‌లోకి వచ్చిన వెంటనే స్థితి=$? రాయడం తప్పనిసరి. దాని ముందు ఒక ఎకో పెట్టినా, $? లో ఉండేది ఆ ఎకో స్థితి అవుతుంది. రాండమ్ అనేది బ్యాష్ ఇచ్చే చలరాశి, చదివిన ప్రతిసారీ 0 నుంచి 32767 లోపు ఒక సంఖ్య ఇస్తుంది. కొన్ని సాదా షెల్‌లలో అది ఉండదు. అక్కడ దోషమేమీ చూపకుండా సున్నాగా లెక్కవేసుకుని పోతుంది కాబట్టి మొదటి పంక్తిలో బ్యాష్ అని స్పష్టంగా చెప్పాం.

ఇప్పుడు లెక్క కట్టండి. ఆరు ప్రయత్నాల మధ్య ఆగే వ్యవధులు 2, 4, 8, 16, 32 సెకన్లు, మొత్తం 62. యాదృచ్ఛికంగా కలిసేది ఎక్కువలో ఎక్కువ 20. ఒక్కో ప్రయత్నం గరిష్ఠంగా 30 సెకన్లు, ఆరింటికి 180. అన్నీ కలిపి 262 సెకన్లు, అంటే అయిదు నిమిషాల లోపే. గంటకోసారి నడిచే స్క్రిప్టు కాబట్టి ఇది సరిపోతుంది. ఈ లెక్క కట్టకుండా "100 సార్లు ప్రయత్నించు" అని రాస్తే, తొమ్మిది గంటల పని ముగియకముందే పది గంటల పని మొదలవుతుంది. క్రాన్ ద్వారా నడిపే స్క్రిప్టుల్లో ఇలా ఒకదాని మీద ఒకటి పడకుండా ఫ్లాక్ కమాండుతో తాళం వేసుకోవచ్చు. అయినా ముందు లెక్క సరిగ్గా ఉండాలి.

పాత అంకె చేసే మోసం

చివరి పంక్తిని చూడండి. ఫైలును నేరుగా మట్టం అనే పేరుతో తెచ్చుకోకుండా, కొత్తది అనే పేరుతో తెచ్చి, పూర్తిగా వచ్చాకే పేరు మార్చాం. నేరుగా తెచ్చుకుంటే, సగంలో తెగిన ఫైలు అంతకుముందున్న మంచి ఫైలును చెరిపేస్తుంది.

అయితే దీనికి రెండో వైపు ఉంది. ఆరుసార్లూ విఫలమైతే మట్టం ఫైలులో మిగిలేది వెనకటి గంట అంకె. ఆ ఫైలును చదివే మరో స్క్రిప్టుకు ఆ సంగతి తెలియదు. రాత్రి పది గంటలకు 11.2 అడుగులు అని వచ్చి, ఆపైన నెట్టు పోయిందనుకోండి. తెల్లవారుజామున నది రెండో హెచ్చరికను దాటినా ఫైలు ఇంకా 11.2 అనే చెబుతుంటుంది. మొదటి హెచ్చరిక కూడా రాలేదు కదా అని చదివినవారు నిశ్చింతగా ఉంటారు. స్క్రిప్టు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించిందన్నది నిజమే. ఆ ప్రయత్నాలు ఫలించలేదన్న మాట చేరవలసిన మనిషికి చేరలేదు.

అందుకే విరమించేటప్పుడు చేయాల్సిన పని, ప్రయత్నించేటప్పుడు చేసే పని కంటే తక్కువదేమీ కాదు. పై స్క్రిప్టులో సందేశాన్ని >&2 తో దోషాల దారిలోకి పంపాం, అసలు స్థితి అంకెతోనే ఎగ్జిట్ అయ్యాం. దీన్ని పిలిచిన స్క్రిప్టు ఆ అంకెను చూసి, తెర మీద మట్టం బదులు "సమాచారం అందలేదు" అని చూపాలి. ఫైలు వయసు గంటన్నర దాటితే అందులోని అంకెను అసలు చూపకూడదన్న నియమం పెట్టుకుంటే ఇంకా భద్రం.

రెండోసారి చేస్తే నష్టం లేదా?

ఫైలు తెచ్చుకోవడం పదిసార్లు చేసినా హాని లేదు. అన్ని కమాండులూ అలాంటివి కావు. ఒక కమాండు విఫలమైందని మనకు తెలియడానికీ, ఆ పని నిజంగా జరగకపోవడానికీ మధ్య ఖాళీ ఉంది. అభ్యర్థన సర్వరుకు చేరి, పని జరిగిపోయి, జవాబు మాత్రం తిరుగుదారిలో తప్పిపోయి ఉండవచ్చు. మీ వైపు కనిపించేది 28, గడువు దాటింది. లూప్ మళ్ళీ పంపుతుంది. పని రెండోసారి జరుగుతుంది. యూపీఐలో డబ్బు పంపినప్పుడు తిరుగుతూ తిరుగుతూ తెర ఆగిపోతే, వెంటనే మళ్ళీ పంపకుండా ముందు లావాదేవీ స్థితిని చూసుకోమనేది ఇందుకే. ప్రతి లావాదేవీకీ విడిగా ఒక సంఖ్య ఉండబట్టే అలా చూసుకోవడం సాధ్యమవుతోంది.

ఎన్నిసార్లు చేసినా ఒకసారి చేసిన ఫలితమే ఇచ్చే పనిని ఐడెంపొటెంట్ అంటారు. షెల్‌లో చాలా పనులను చిన్న మార్పుతో అలా మలచుకోవచ్చు. ఎమ్‌కేడిర్ రెండోసారి నడిపితే "ఇప్పటికే ఉంది" అని విఫలమవుతుంది. -పి చేరిస్తే కాదు. ఆర్‌ఎమ్‌కు -ఎఫ్ కూడా అంతే. ఫైలు చివర చేర్చే >> మాత్రం నమ్మదగింది కాదు. గంట గంటకూ మట్టాన్ని పట్టికలో చేర్చే పంక్తి లూప్ లోపల ఉంటే, ఒకే గంటకు మూడు వరుసలు చేరి, సగటు లెక్కలన్నీ తప్పుతాయి. మళ్ళీ చేయకూడని పంక్తిని డన్ తర్వాతకు జరపండి. డబ్బు, సందేశాలు, దరఖాస్తుల సమర్పణ వంటి పనులకు, జరిగిందో లేదో ముందుగా అడిగి చూసే మార్గం లేనప్పుడు లూప్ పెట్టకపోవడమే మంచిది.

అభ్యాసం

పై స్క్రిప్టును మీ కంప్యూటరులోనే, నెట్టు లేకుండా పరీక్షించవచ్చు. చిరునామాగా మీ సొంత యంత్రాన్నే, లోకల్‌హోస్ట్ పేరుతో, 8000 పోర్టుతో ఇవ్వండి. ఫైలు పేరుగా మట్టం.టీఎక్స్‌టీ చేర్చండి. ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు కాబట్టి ప్రతి ప్రయత్నమూ 7తో విఫలమవుతుంది. ముందు టైమ్ అనే పదం చేర్చి నడిపి, మొత్తం ఎంతసేపు పట్టిందో చూడండి. ఇక్కడ కనెక్షన్ వెంటనే తిరస్కృతమవుతుంది గనుక 262 సెకన్లు పట్టదు. ఎందుకో, సుమారు ఎన్ని సెకన్లు పట్టాలో ముందుగా కాగితం మీద రాసుకోండి.

రెండోసారి నడిపేటప్పుడు, నాలుగో ప్రయత్నం తర్వాత 16 సెకన్ల విరామం వస్తుంది. ఆ సమయంలో మరో టెర్మినల్ తెరిచి, మట్టం.టీఎక్స్‌టీ అనే ఫైలు ఉన్న డైరెక్టరీలో పైథాన్3 -ఎమ్ హెచ్‌టీటీపీ.సర్వర్ కమాండు ఇవ్వండి. అయిదో ప్రయత్నంలో లూప్ ముగిసి, ఫైలు మీ చేతికి వస్తుంది. ఇదే పరీక్షను ఆ ఫైలు లేని డైరెక్టరీ నుంచి కూడా చేసి చూడండి. ఈసారి అయిదో ప్రయత్నంలో వచ్చే స్థితి అంకె ఏది? స్క్రిప్టు ఆరో ప్రయత్నం చేసిందా? కేస్ లోని ఏ పంక్తి ఆ నిర్ణయం తీసుకుంది?